కొట్టడం, కొట్టేయడం

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన మాట్లాడాడు,
నేను కొట్టాను.
వాషింగ్టన్‌లో, కిటికీల్లేని సైనిక కమిటీ గదిలో
ఆయన గొంతుకీ నా వేళ్లకీ మధ్య అర సెకను.
మా పరిచయమంతా అదే.

విల్బర్న్ హాస్క్యూ.
ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరి మనిషి.
మొదటి ఏడాది చిట్టచివరి కుర్చీ,
ఆయన వంతు వచ్చేసరికి
జనరళ్లు వాచీలు చూసుకునేవాళ్లు.
ఒకరోజు సంచీలోంచి బూటు తీసి బల్లమీద పెట్టాడు,
అట్ట ఊడిన సిపాయి బూటు.
"దీనికి ఎంతిచ్చాం?"
ఎవరికీ తెలీదు.
ప్రశ్న కొట్టాను. జవాబు లేదని కొట్టాను.
బూటు నుంచి ఎండుమట్టి రాలిన చప్పుడుకి
నా మిషన్‌లో మీట లేదు.

తర్వాత ఒక్కో కుర్చీ ఖాళీ అయింది.
కొందరు ఓడారు, కొందరు పోయారు,
ఆయన మధ్యకి జరిగాడు.
చేతికి ఛైర్మన్ సుత్తి వచ్చింది.
బూటు ధర అడిగిన నోటితోనే
ధర అడగకుండా విమానాలకి సరేనన్నాడు.
రెక్కల బోల్టులు వాళ్ల ఊళ్లోనే బిగిస్తారు మరి.
సున్నాలన్నీ కొట్టాను, ఒక్కటీ వదల్లేదు.

యుద్ధం మీద ఓటు రోజున
ఆయన అన్నవి నాలుగే మాటలు:
"పంపుదాం వాళ్లని. వేసవికి వచ్చేస్తారు."

పెదవి దాటితే పృథివి దాటుతుంది.
దాటింది. సముద్రం, ఇసుక, రెండు వేసవులు దాటి
వాళ్ల ఊరి మెథడిస్టు చర్చి వెనక
పదకొండు కొత్త రాళ్ల దగ్గర ఆగింది.

చివరిరోజు కేకు కోశారు. పొగిడారు.
పొగడ్తలు కూడా నేనే కొట్టాను.
గది ఖాళీ అయ్యాక
మొదటిసారి నా బల్ల దగ్గరికొచ్చాడు,
చేతిలో పాత కాగితం, మడతల దగ్గర చిరిగింది.
"ఈ ఒక్క లైను కొట్టేయగలవా?"
"కొట్టడం వరకే నా పని, సార్.
కొట్టేయడం కాదు."

తలూపాడు. కోపం లేదు.
అప్పుడు నా పేరడిగాడు.
ఇమోజీన్ ప్రూయిట్ అన్నాను.
సాక్షుల్ని నేనడిగినట్టే స్పెల్లింగ్ అడిగాడు,
చివర్లో టీ ఒకటా రెండా అని,
ఆ కాగితం వెనకే రాసుకున్నాడు.

మెట్రోలో ఇంటికి పోతుంటే
మోకాలి మీద నా వేళ్లు వాటంతటవే కదిలాయి.
ఏం కొట్టాయో చూళ్లేదు.
ఏప్రిల్. బయట అప్పుడే
ఎండ ముదురుతోంది.