పదిన్నర బారలు

సీతానగరం రేవులో సాయంత్రం ఆరుంబావు.
బ్యారేజీ మీద దీపాలు ఇంకా వెలగలేదు.
ఇంజను ఆపేశాక కూడా
చెవుల్లో కాసేపు అది తిరుగుతూనే ఉంటుంది.

లంగరు వేసే ముందు నీళ్లవైపు చూడాలనేవాడు నాంచారయ్య మావ.
చూడ్డమంటే అందం చూడ్డం కాదు.
తేలిపోతున్న గుర్రపుడెక్క ఎటు పోతోంది,
గాలి ఎవరి పక్షం,
పక్క పడవల ముక్కులు ఎటు తిరిగున్నాయి.

తర్వాత వెదురుగడ దించి లోతు కొలవాలి.
గడ చివర అంటుకొచ్చింది వేళ్ల మధ్య నలిపి చూడాలి.
జిగురు ఒండ్రయితే మంచిది,
ఇసకయితే పర్లేదు,
టకటకమంటే ఇంకో చోటు.
కొండపాదం దగ్గర అడుగంతా బండ. అక్కడ లంగరు
పెళ్లింట్లో ఎవరికీ తెలియని చుట్టంలా
అటూ ఇటూ తిరుగుద్దేగానీ కూర్చోదు.

"ఎంత లోతు?"
"బారన్నర, మావా."
"అయితే పదిన్నర బారలు వదులు."

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నవ్వాను.
బారన్నర నీళ్లకి పదిన్నర బారల మోకా?
నా లంగరు ఆటోనగర్‌లో
లారీ కమాన్ పట్టీలు కోసి వెల్డింగు చేయించింది,
పద్దెనిమిది కిలోలు, తూకం వేయించి మరీ తెచ్చాను.
బరువుంది కదా అని నాలుగు బారలే వదిలి
మిగతా మోకు చుట్టచుట్టి
దానిమీద తలపెట్టి పడుకున్నా.

ఆ రాత్రి పైన ఎక్కడో వాన.
మున్నేరు పొంగిందో, పులిచింతల వదిలారో,
బ్యారేజీ తలుపులు ఎత్తారు.
సైరను మోగిందట. నేను వినలేదు.

నన్ను లేపింది మోకు.
తల కిందది కాదు, దానికి పనేముంది.
ముక్కు దగ్గర బిగిసిన మోకు
ఆగి ఆగి వణుకుతోంది,
చలిజ్వరం మనిషి పళ్లలా.
పట్టు తప్పిన లంగరు అలా చెబుతుందని
నాకు తెలీదప్పుడు.
అడుగున ఒండ్రు దున్నుకుంటూ
నా వెంటే వస్తోంది నా ఇనుము.

గట్టుమీది దీపస్తంభం
వెనక కొండమీది దీపాన్ని దాటి కదిలింది.
స్తంభాలు కదలవు కదా, అనుకున్నా.
అనుకోడానికి ఎంతసేపు పట్టిందో
అంత దూరం పోయాం.
బ్యారేజీ ఖానాలు పెద్దవవుతున్నాయి.
హోరు చెవుల్లో కాదు, పొట్టలో.

ఇంజను తాడు లాగాను. దగ్గింది.
మళ్లీ లాగాను.

ఎగువన మావ పడవలోంచి గొంతు:
"ఒరే, మోకొదులు! ఒదలరా మోకు!"
పట్టుకోవాల్సినప్పుడు వదలమంటాడేంటి?
చేతులు ఒప్పుకోలేదు.
కొయ్యకి వేసిన ముడి ఎలా విప్పానో,
చుట్టని కాలితో తన్నాను.
బుసకొడుతూ పోయింది,
పోయింది,
పోయింది,
అడ్డకర్రకి కట్టిన చివర దగ్గర ఠక్కున ఆగింది.
పడవ ఒక్కసారి తల వంచి
ముక్కు ఏటికి ఎదురు తిప్పుకుంది.
నిలబడింది.

దీపం వెనక దీపం.
తెల్లారేదాకా ఆ రెంటినే చూస్తూ కూర్చున్నా,
రెప్ప వేస్తే విడిపోతాయేమోనని.

పొద్దున మావ తిట్టలేదు. టీ పోశాడు.
నా లంగరు కొక్కేలు తడిమి చూసి
"బరువు నీది, పట్టు ఒండ్రుది.
నిటారుగా లాగితే ఏ ఇనుమైనా లేచిపోద్ది.
పడుకోబెట్టి లాగాలి" అని
లంగరుకీ మోకుకీ మధ్య
తన పాత పడవలోది, రెండు బారల తుప్పు గొలుసు తగిలించాడు.
"ఇది అడుగునే పొర్లుతుండాలి.
ఎవడికీ కనపడదు. అయితే ఏంటి?"

ఇప్పుడు నా దగ్గర పనిచేసే దావీదు
పదిన్నర బారలంటే నవ్వుతాడు.
నవ్వనిస్తా.
లంగరు విసరడు, దించుతాడు; అది మాత్రం వచ్చింది.
ఇంజను రివర్సులో, మెల్లగా,
మోకు బిగిసేదాకా, ఇంకాస్త.
దాని మీద అరచెయ్యి పెట్టమంటా.
"ఏం చెబుతోంది?"
"ఏం చెప్పట్లేదన్నా."
"ఆఁ. అలాగే ఉండనీ."

బ్యారేజీ మీద దీపాలు వెలిగాయి.
మావ పడవ ఉండే చోట నీళ్లున్నాయి.
అక్కడ వేసుకోవచ్చు కదన్నా, అంటాడు దావీదు ప్రతిసారీ.
నేను ఈ పక్కకే వస్తాను,
రాత్రి గాలి మారితే ఆయన పడవ తిరగడానికి
పదిన్నర బారల జాగా వదిలి.