గాలి ఎటు

నాలుగింటికి లేచి రెండు ముక్కలు రాస్తాను ఫోన్లో:
గాలి ఎటు, కోనాం ఎంత పలికింది,
ఐసు దొరుకుతుందా.
మొదట్లో చదివింది ఇద్దరే.
మా చిన్నాన్న, హార్బరు డీజిల్ బంకు సన్యాసిరావు.
అతను నా అక్షరదోషాలు దిద్దేవాడు.

ఇప్పుడు ఆరువేల మందట.
ఐసుపెట్టెల కంపెనీ ఒకటి
తమ సరుకు గురించి మంచిమాట రాయమంది.
రాయలేదు. గొప్పకి కాదు,
ఆ పెట్టె కారుతుంది.

మొన్న మాత్రం
యారాడ కొండ మీద మబ్బు చూసి
"ఇవాళ వద్దు" అన్నాను.
నలభై బోట్లు లంగరెత్తలేదు.
సముద్రం పొద్దంతా
పళ్లెంలో నీళ్లలా ఉంది.

జెట్టీ మీద ఎవరూ నన్నేమీ అనలేదు.
ఖాళీ తట్ట బోర్లించి కూర్చున్న నూకరత్నం
"రేపేటి రాస్తావే, గుంటా?" అంది.

మళ్లీ నాలుగయింది.
"నిన్న నాది తప్పు" అని రాసి
గాలి చూడ్డానికి
మేడెక్కాను.