పోటుకీ పాటుకీ మధ్య

ఖసబ్ రేవులో తెల్లారకుండానే
పది సిలిండర్లు ఎక్కించాను.
గాలిని లెక్కపెట్టి జీతం తీసుకునేవాణ్ణి
మా పేటలో నేనొక్కణ్ణే.

రెండు కొండలు. చెట్టు లేదు, గడ్డి లేదు.
మేక ఎలా బతుకుతుందో అడక్కండి, బతుకుతోంది.
వాటి మధ్య నుంచి సముద్రం
పెళ్ళిపందిట్లో సాంబారు బకెట్టుతో వడ్డనవాడిలా
ఒళ్ళు సన్నం చేసుకుని దూరిపోతుంది.

నఖుదా మురాద్ ఇంజను ఆపడు.
నీళ్ళ మీది ముడతలు చదువుతాడు.
"ఇంకా లాగుతోంది" అంటాడు కుమ్‌జారీలో.
వాలు తగ్గలేదని నేను తెలుగులో అనుకుంటాను.

ఇవాళ వచ్చిన నలుగురిలో ఒకావిడ, ఇంద్రకళ.
షార్జాలో టైల్స్ కంపెనీ లెక్కలు చూస్తుందట.
మెట్‌పల్లి. నలభై మూడేళ్ళ దాకా
మోకాలు దాటి నీళ్ళు ఎరగదట.
నడుముకి సీసం దిమ్మలు బిగించుకుంటూ అడిగింది:
"నువ్వెన్నడన్న దిగినవా అన్నా?"

మాది బారువ దగ్గర,
తాత ముత్తాతల నుంచీ సముద్రమే, అన్నాను.
అది జవాబు కాదని నాకే తెలిసింది.
మాకు సముద్రమంటే పైనుండేది.
కిందది వలకి తెలుసు.
మావాళ్ళు కిందికి వెళ్తే
దాన్ని దిగడం అనరు.

నీళ్ళు ఆగాయి.
పోటు అయిపోయి పాటు ఇంకా మొదలవని కాసేపు,
అరగంటో, ఇంకా తక్కువో.
మురాద్ చెయ్యెత్తాడు.
ఒకరి వెనక ఒకరు వీపు మీద పడ్డారు.

ఇక నా పని బుడగలు చూడటం.
నాలుగు చోట్ల ఉడుకుతున్న ఎసరు.
ఇంద్రకళది ముందు చిన్నచిన్నగా, గాభరాగా,
తర్వాత పెద్దపెద్దగా, తీరుబడిగా.
ఏదో చూసిందన్నమాట.
పన్నెండు బారల కింద విడిచిన ఊపిరి
నా మోచేతి పక్కన పగిలింది.

దూరంగా నూనె ఓడలు వరసలో పోతున్నాయి.

మళ్ళీ చూస్తే మూడే.
లెక్కపెట్టాను. మూడు.
మురాద్‌ని పిలుద్దామంటే నాలుక ఎండిపోయింది.
నాలుగోది పడవ కింద నుంచి
అటువైపు తేలింది, ఏమీ ఎరగనట్టు.

పైకొచ్చి, అద్దం నెత్తికెక్కించి,
మాట్లాడలేక మెడలోని పలక చూపించింది.
నీళ్ళ అడుగున పెన్సిలుతో తెలుగు:
"గోడంత పసుపు పచగ పూసింది."
చ కింద ఒత్తు లేదు.

అందరూ ఎక్కాక మురాద్ నీళ్ళకేసి చూసి
అయిదు వేళ్ళు చూపించాడు, నాకేసి.
ఇంద్రకళ తన అద్దం ఇచ్చింది.

నిచ్చెన ఆఖరి మెట్టు వదల్లేదు నేను.
తల మాత్రం ముంచాను.
నా కాళ్ళు, తెల్లగా, ఎవరివో లాగా.
బోయా తాడు పోయిపోయి
ఆకుపచ్చ చీకట్లో కలిసింది.
పసుపు నా కంటికి ఆనలేదు.
ఒక చేప వచ్చి, ఆగి, నా మొహం చూసింది.
తొందరేం లేదు దానికి.

అరికాళ్ళ కింద నీరు కదిలింది.
పాటు.

"ఏం గనవడ్డది?" అంది ఇంద్రకళ, తువ్వాలు అందిస్తూ.
చేప, అన్నాను.
"ఏం చేప?"
పేరు తెలుసు. సంతలో కిలో ఎంతో తెలుసు.
ఏ వేళ వల వేస్తే పడుతుందో తెలుసు.
తల తుడుచుకుంటూ
ఖాళీ సిలిండర్ల దగ్గరికి పోయాను.