గురువారం, ఏడున్నర ఆట

హడర్స్‌ఫీల్డ్‌లో వాన పడని గురువారం
నాకింకా తారసపడలేదు.
పాత చర్చి వెనక హాల్లో
అరవై కుర్చీలు వేయడం నా వంతు.
ప్రొజెక్టర్ క్లైవ్‌ది, టీ, బిస్కెట్ డబ్బా ఈనిడ్‌వి.
టికెట్లు చింపేదీ, చివర్న చిమ్మేదీ నేనే.

పోయిన వారం జపాను పొట్టి సినిమాలు.
వచ్చింది పదకొండుమంది,
అందులో ఇద్దరు వాన తగ్గేదాకా.
ఒకదాంట్లో ముసలాయన బియ్యం కడుగుతాడు.
అంతే. తొమ్మిది నిమిషాలు.
మొదటి కడుగు పాలలా, రెండోది కాస్త పలచగా,
మూడో నీళ్లలో ఆయన వేళ్లు కనబడ్డాయి.
నా అరచెయ్యి దానంతటదే దోసిలిలో సగమైంది.
పేర్లు పడుతుంటే ఎవరో అడిగారు:
"ఇంతకీ వండాడా?"
పై వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే చిజురు గారు
వెనక్కి తిరక్కుండానే అన్నారు:
"పొయ్యి వెలిగించాడుగా, వినలేదా?"
నాకు హాలు హీటరు రొదే వినిపించింది.

ఈ వారం పాతకాలపు డాన్సు సినిమా.
కుర్చీలు చాల్లేదు.
నేల టికెట్టు అలవాటున్నదాన్ని,
గోడకి వీపు ఆనించి కిందే చతికిలబడ్డాను.
అక్కణ్ణించి తెర సగమే కనిపిస్తుంది,
కాళ్లు మాత్రం అన్నీ కనిపిస్తాయి,
తెర మీదవీ, కుర్చీల కిందవీ.

హీరో మెట్లు దిగుతున్నాడు,
మెట్టుకో దరువు,
టక్కున శబ్దం పోయింది.
బొమ్మ ఆగలేదు.
గాజు తొట్టెలో చేపలా నోరు తెరుస్తూ మూస్తూ
అతను ఆడుతూనే ఉన్నాడు.
మా తణుకులో అయితే ఈపాటికి ఈలలు,
ఆపరేటర్ని ఏడు తరాలూ కలిపి తిట్లు.
ఇక్కడ దగ్గులు. మర్యాదైన, పొడి దగ్గులు.
క్లైవ్ చీకట్లో తీగలు తడుముతున్నాడు.

అప్పుడు, మూడో వరసలోంచి,
టక్. టటక్.
ఈనిడ్. ఎనభై రెండేళ్లు, కొత్త మోకాలు,
చప్పుడు చెయ్యని రబ్బరు బూట్లు.
ఒళ్లో బిస్కెట్ డబ్బా బోర్లించుకుని
రెండు చెంచాలతో అతని కాళ్లు వాయిస్తోంది.
మలుపుల దగ్గర అరక్షణం వెనకబడి,
మళ్లీ అందుకుని.
ఎవరూ చప్పట్లు కలపలేదు.
చిజురు గారు మాత్రం ఈసారి
తెరకి వీపు పెట్టి తిరిగి కూచున్నారు.

శబ్దం తిరిగొచ్చింది.
అతని అడుగులు అన్నీ సరిగ్గానే పడుతున్నాయి,
మరీ సరిగ్గా.

కప్పులు కడుగుతూ అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని.
"నేర్చుకోలేదే. మా అక్క డొరీన్ నేర్చుకునేది, మేడగదిలో.
కింద నేను గిన్నెలు తోమేదాన్ని.
నాకు తెలిసిందల్లా పైకప్పు చెప్పిందే.
ఆ పిల్ల కాళ్లెలా కదిలేవో
ఒక్కసారీ చూళ్లేదు."

వచ్చేవారం తోలుబొమ్మల సినిమాలట, మాటలుండవట.
కుర్చీలు ఎన్ని వెయ్యాలో క్లైవ్ చెప్పలేకపోయాడు.
ఈనిడ్ డబ్బా మూతని దీపం కింద పట్టి చూస్తోంది.
సొట్టపోయింది. ఇక బిగుసుకోదు.
బిస్కెట్లు మెత్తబడతాయి.