పదకొండో యేడు

నీళ్ల సీసాల లేబుళ్ల వెనక లెక్క రాసిన.
కాగితం దొరకక కాదు,
లెక్క గంతే ఉంటదనుకున్న.

నల్లగొండ ల్యాబు నుంచి మర్రిగూడ, నాంపల్లి, చండూరు,
నెలకు పన్నెండు వందల కిలోమీటర్లు.
డిక్కీల నలభై సీసాలు, ఏ బోరు నీళ్లు ఆ బోరు పేరుతోటి.
రెండు వేల నాలుగుల పుట్టిన తెల్ల కారు,
తెలుపు ఇప్పుడు ఆర్సీ బుక్కులనే ఉన్నది.

పెట్రోలు: ఎనిమిది వేల ఏడు వందల ఇరవై.
అఫ్సర్ షెడ్డు: ఒక నెల సున్న, ఒక నెల ఆరు వేలు,
సగటు తీస్తే పద్దెనిమిది వందలు.
సగటుల కనబడదు
మునుగోడు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం
బానెట్ లేపి నిలబడ్డ మనిషి.

బైపాసు మీద షోరూం పిల్లగాడు
ఎలక్ట్రిక్ కారు తాళం చేతిల పెట్టిండు.
ఆనాటి సీసాలు అండ్లకే మార్చుకొని
పానగల్లు దాక పోయొచ్చిన.
దగ్గులేదు, గుంజుడులేదు, వాసన లేదు.
తొమ్మిదేండ్లల్ల మొదటిసారి విన్న
సీసాకు సీసా తగిలే చప్పుడు.
ఇన్నొద్దులు వెనక మాట్లాడుకుంటనే ఉన్నయేమో.

కరెంటు: పదమూడు వందల డెబ్బై.
చూడంగనే నవ్వొచ్చింది.
కిస్తు: పద్నాలుగు వేల ఎనిమిది వందలు, అరవై నెలలు.
ఇన్సూరెన్సు నెలకు పంచితే రెండు వేల నాలుగు వందలు.
నవ్వు మడిచి పర్సుల పెట్టుకున్న.

పాతది పది వేల ఐదు వందల ఇరవై.
కొత్తది పద్దెనిమిది వేల ఐదు వందల డెబ్బై.
కిస్తు తీరినంక తక్కెడ అటు మొగ్గుతది గని
ఎక్కువ కట్టింది మల్ల చేతికి రావాలంటే
ఇంకో ఆరేండ్లు.
పదకొండో యేడుకు సమానం.
బ్యాటరీకి గ్యారంటీ ఎనిమిదేండ్లు.

"అప్పటిదాక మీ పాత బండి ఉంటదా మేడం?"
పిల్లగాని తప్పేం లేదు.
నా లెక్కల పాత కారుకు చావు లేదు.
ఇంజను పనికి ముప్పై ఐదు వేలు, గ్రీన్ టాక్స్,
తలుపు కింద తినుకుంట వస్తున్న తుప్పు,
ఇవేం రాయలె,
ఇంటి మనిషి మందుల ఖర్చు రాసుకోనట్టు.

నా కొలువే ఇది కద.
ఒక్క గ్లాసుల ఏం తెల్వదు,
చల్లగనే ఉంటయి, తియ్యగనే ఉంటయి.
లీటరుకు మూడు మిల్లీగ్రాములు
ఇరవై యేండ్లకు మోకాళ్లల్ల కూసోని బాకీ అడుగుతది.
మర్రిగూడల నర్సవ్వ నడుము చూసినదాన్ని,
చిన్న అంకెంటే నాకు భయం ఉండాలె.
ఐదొందలు ఐదొందలుగ
తొమ్మిదేండ్లల్ల దానికి ఎంత తాగిపిచ్చిన్నో
కూడిన. చెప్ప.

అఫ్సర్‌కు చూపెట్టిన.
లేబులు అంచు నల్లగైంది వాని వేళ్లకు.
"చెవి మీద బతికేటోన్ని మేడం.
బేరింగో బెల్టో విని చెప్త.
అదేమో నోరే తెరవకపాయె, నేనేం వినాలె?"
ఛాయ్ తెప్పిచ్చిండు. పైసలు నన్ను ఇయ్యనియ్యలె.
ఆ పది రూపాయలు ఏ గడిల రాయాలె?
కొంచెంసేపటికి తనే అన్నడు,
"కొనుండ్రి. మా పోరడు ఫోన్ల చూసి
బ్యాటరీ విప్పుడు నేర్చుకుంటున్నడు.
వాడు నేర్చేదాక ఆగుండ్రి."

సోమవారం చండూరు దిక్కు.
ట్రాన్స్‌ఫార్మర్ కాలి మూడొద్దులంట,
ఒక బోరు కాడ సీసా ఖాళీగనే తెచ్చిన.
నమూన లేదు అని రాయవోతే
లేబుల్ వెనక నా కిస్తు కనబడ్డది.

వచ్చేటప్పుడు బంకుల ఆపిన.
పైపు పట్టుకున్న పిల్ల అడిగింది, "ఫుల్లా?"
"ఐదొందలు."
"జీరో చూసుకోండ్రి మేడం," అన్నది.
చూసిన.