లోపలి పిడి

కర్నూలు ఏ.ఆర్. గ్రౌండులో యాలం పాట.
లక్షా పదివేలకు బొలెరో నా తలకు తగులుకుంది.
"ఇంజను నిమ్మళంగా ఉంది సుంకన్నా,
తరిమి తరిమి క్లచ్చే కాలిపోయింది"
అన్నాడు పత్తికొండ మెకానిక్ హుసేనప్ప.

సైరను పీకితే టాపు మీద నాలుగు బొక్కలు.
ఎంసీల్ మెత్తినాడు.
అయినా మొదటి వానకు
సరిగ్గా నా నడినెత్తిన ఒక సుక్క.

అక్షరాలు గీకి రెండు కోట్లు తెల్లరంగు కొట్టినాం.
ఎండలో ఏటవాలుగా చూస్తే
"పో" ఒక్కటి ఇంకా లేస్తాది రంగు కిందనుంచి.
పో అంటాది బండి. పోతా ఉంటా.

టమోటా గంపలతో కల్వర్టు కాడికొస్తే
పేకముక్కలు కంపచెట్లలో పడతాయి,
మనుషులు వాటికన్నా ముందే.
హారను కొట్టి అరిసి చెప్పుకోవాల:
నేనప్పా, నేనే!

వెనక సీటు ఇప్పితే
బీడీ ముక్క, మూడు గాజు పెంకులు.
హుసేనప్ప ఏమీ అనలేదు, పొరక తెచ్చినాడు.

వెనక తలుపుకు లోపల పిడి లేదు.
ఎందుకుంటాది?
గుజిరీలో ఎనభై రూపాయలకు
మారుతీదో దేనిదో ఒకటి దొరికింది.
బిగించి, "ఎక్కి చూడు" అన్నాడు.
ఎక్కినా. బయటనుంచి తలుపేసినాడు.

పదకొండేండ్ల కింద ఇట్లాంటి దాంట్లోనే
దేవనకొండ టేసను దాకా కూచున్నా,
ఎవురివో గొర్రెలు పోయినందుకు.

చెయ్యి పిడి మీదే ఉంది.
తిప్పేదానికి శానాసేపు పట్టింది.

ఐదువేల కిలోమీటర్లకు ఆయిలు,
నెలకోసారి కమాను కట్టలకు గ్రీసు,
అవన్నీ హుసేనప్ప సూసుకుంటాడు.
ఆ పిడికి మాత్రం
నేనే పూస్తా కందెన.