సద్దిగిన్నె గొళ్ళెం

కంపెనీ నుంచి వచ్చిన పిలగాడు
కొత్త సద్దిగిన్నెను గాజు కౌంటరు మీద పెట్టి
పెండ్లిపిల్లను చూపిచ్చినట్టు చుట్టూ తిప్పిండు.
"గొళ్ళెం తీసేసినం అక్కా.
ఇప్పుడు రెండు పక్కల రెండు బటన్లు.
రెండూ ఒక్కసారే ఒత్తాలె. టక్కుమంటది."
టక్కుమన్నది.
గోదావరిఖనిల మా స్టీలుసామాన్ల దుకాణంల
ఇరువై ఆరేండ్ల సంది ఇనని చప్పుడు.

పాతదాని చప్పుడు వేరే.
పైనుంచి కిందికి ఒకటే పొడుగు కమ్మి,
చిటికెనవేలు తగిలిచ్చి లేపితే
నిద్రల లేపిన ముసలవ్వ లెక్క కిర్రుమని సణిగేది.
తెల్లారగట్ల, ఫస్ట్ షిఫ్టు సైరన్ కంటే ముందు
ఈ క్వార్టర్లల్ల మోగేది అదే.
కిర్రు, కిర్రు, ఇంటెనక ఇల్లు.
గోడ అవతల ఎవలింట్ల చింతచిగురో, ఎవలింట్ల ఎండుచాపలో
దాని ఎనకాలొచ్చే వాసన చెప్పేది.

"పాతదాన్ల ఏం తక్కువైంది బిడ్డా?"
"ఏం తక్కువ కాలే అక్కా. మంచిగ అమ్ముడుపోతంది.
అందుకే."
అందుకే అన్నడు.
ఆ మాటను బిల్లుబుక్కు ఎనక రాసి పెట్టుకున్న.
ఇప్పటికీ అర్థంగాలే.

మధ్యాన్నం ఓదెలన్న వచ్చిండు.
బాయిల పైకప్పు కూలిన నాడు
కుడిచేతివి మూడు వేళ్ళు అక్కడ్నే ఇడిచొచ్చిన మనిషి.
ఎడమచెయ్యి ఉన్నది గానీ భుజంల పానం లేదు.
ఇప్పుడు పైన ల్యాంపురూముల పని.
గిన్నె అడుగు చిల్లిపడ్డది, అసొంటిదే ఇంకొకటియ్యి అన్నడు.
ఏం చెప్పకుంట కొత్తది చేతిల పెట్టిన.

బొటనవేలు ఒక బటను మీద,
మిగిలిన వేలు రెండో దాని దిక్కు సాగి, సాగి, ఆగింది.
కడుపుకు ఆనిచ్చి ఒత్తిండు.
మోకాళ్ళ నడుమ ఇరికిచ్చి ఒత్తిండు.
టక్కుమనలే.
నా దిక్కు చూసి నవ్విండు,
తాళంచెవి మర్శిపోయి సొంతింటి ముందట నిలబడ్డోని నవ్వు.
"కొత్తది గదా, బిగుసుంటది తియ్యి" అన్నడు.
కంపెనీని గూడ ఎనకేసుకొస్తడు!

గీత గీసినోనికి పదివేళ్ళున్నయి కావచ్చు.
లేని వేలు ఏ టేపుతోటి కొలుస్తడు?

నిజం చెప్పాలె. పాతది కారేది.
పప్పుచారు పోస్తే సంచి పసుపయ్యేది.
అందుకే ఆడోళ్ళు పాతచీర చింపి
గిన్నె చుట్టూ తిప్పి ముడేసేటోళ్ళు.
ఒక్కొక్కలది ఒక్కో ముడి.
క్యాంటీన్ బల్ల మీద నలభై గిన్నెలు ఒక్కతీరుంటే
గుడ్డరంగు చూసి ఎవలిది వాళ్ళు అందుకునేటోళ్ళు.
మేం ఇష్టపడ్డది గిన్నెనా, ముడినా?
కంపెనీ ఇచ్చిన ఫారంల ఆ గడి లేదు.

కొత్తది కారదు. ఓపెన్‌కాస్టుల డంపర్లు నడిపే పిలగాండ్లు
వారంల ముప్పై కొన్నరు.
సాంబారు పోసి తలకిందులు చేసి
నా ముందటనే ఊపి చూపిచ్చిండ్రు, చుక్క రాలలే.
వాళ్ళకు పాతదాని గొప్పలు ఏ మొఖంతోటి చెప్పుదు?

పొద్దూకినంక ఫోను చేసిన.
"మార్చుండ్రి బిడ్డా, వద్దనను.
ఆ గొళ్ళెం అచ్చు మాత్రం కరగబోయకుండ్రి.
మా ఓదెలన్న ఉన్నడు."
"ఒక్కరేనా అక్కా?" అన్నడు.
మర్యాదగనే అన్నడు.

అటక మీద వెతికితే పాతయి ఏడు దొరికినయి.
ఒకటి ఓదెలన్నకు పంపిచ్చిన.
మిగిలిన ఆరు వరుసగ పెట్టి, ఆయన రిటైరయ్యేదాక లెక్కేసి,
'ఇవి అమ్మబడవు' అని చీటి అంటిచ్చిన.

తెల్లారి ఒకామె వచ్చింది, ఎన్నడు చూడని మనిషి,
ఎడమచేతికి మోచెయ్యి దాక పిండికట్టు.
చీటి చదివింది.
ఏం అడగలే. గిన్నెలనే చూసుకుంట నిలబడ్డది.

నేను లేసి చీటి పీకేసిన.